గట్టు మీద వలలు, తూములో వైరస్

రొయ్యల చెరువులో వైట్ స్పాట్ అనే వైరస్ రోగం పడిందని ఖాయమయ్యేసరికే కథ సగం అయిపోయి ఉంటుంది. నిన్నటిదాకా బాగా మేసిన రొయ్యలు ఇవాళ మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత ముట్టవు, గట్ల వారకి చేరి నీరసంగా తిరుగుతాయి, ఒళ్లు ఎర్రబారుతుంది, తల డిప్ప మీద అర మిల్లీమీటరు నుంచి 3 మిల్లీమీటర్ల దాకా తెల్ల మచ్చలు కనిపించొచ్చు, వన్నామీ రకం రొయ్యలో అయితే చాలాసార్లు అవి కూడా కనిపించవు. అక్కడి నుంచి 3 నుంచి 10 రోజులు. ఆ తర్వాత చెరువులో నీళ్లు ఉంటాయి, రొయ్యలు ఉండవు.

ఆ కొద్ది రోజుల్లో చెరువులో కుమ్మరించే డబ్బాలూ ప్యాకెట్లూ లెక్కపెడితే తల తిరుగుతుంది. యాంటీబయాటిక్, శానిటైజర్, విటమిన్ సి, ఇమ్యూనిటీ పెంచుతుందని చెప్పే పొడి, 'వైరస్ మందు' అని ధైర్యంగా లేబుల్ వేసుకున్న సీసా. రొయ్య ఒంట్లో చేరి పెరుగుతున్న వైరస్‌ని వీటిలో ఏదీ ఆపలేదు. యాంటీబయాటిక్ పనిచేసేది బ్యాక్టీరియా మీద, వైరస్ జోలికి అది వెళ్లదు. పైగా దాని అవశేషాలు సరుకులో మిగిలితే కొన్న దేశం కంటైనర్‌ని తిప్పి పంపుతుంది, అది ఇంకో దెబ్బ.

టీకా వేయొచ్చు కదా అంటే, చేపకి వేయొచ్చు, రొయ్యకి కుదరదు. చేపకి మనలాగే యాంటీబాడీలు తయారుచేసుకుని, ఒకసారి చూసిన సూక్ష్మజీవిని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఒంట్లో ఉంది. రొయ్యకి యాంటీబాడీలే లేవు. ఆర్‌ఎన్‌ఏతో వైరస్‌ని అణచే ప్రయోగాలు ల్యాబుల్లో బాగానే పనిచేశాయి గానీ, లక్షల రొయ్యలున్న చెరువులో సంచి విప్పి వాడుకునే సరుకుగా అది ఇంకా నిలదొక్కుకోలేదు. అంచేత మిగిలిన పని ఒక్కటే, వైరస్‌ని లోపలికి రానివ్వకపోవడం. దానికే బయోసెక్యూరిటీ అని పేరు. పేరు ఘనంగా ఉంది గానీ, చేసే పని తలుపులు వేసుకోవడమే.

చిక్కేమిటంటే ఆ తలుపులన్నీ ఒకే సైజులో ఉండవు. పక్షులు, పీతలు, మనుషుల కాళ్లు, బండి టైర్లు, ఇవి కంటికి కనిపించే తలుపులు. డబ్బు ముందు వీటి మీదే ఖర్చవుతుంది, ఎందుకంటే వల కడితే కట్టినట్టు కనిపిస్తుంది, ఫోటో తీసి చూపించొచ్చు, తనిఖీకి వచ్చినవాళ్లు టిక్కు పెట్టుకుంటారు. సీడ్ (చెరువులో వేసే రొయ్య పిల్లలు), తల్లి రొయ్యలకి పెట్టే పచ్చి మేత, తూములోంచి వచ్చే నీళ్లు, పక్క చెరువు వాళ్లు చెప్పకుండా దాచిన కబురు, ఇవి పెద్ద తలుపులు. వీటిని మూయడం కష్టం, మూసినా పైకి ఏమీ కనిపించదు. వల కట్టొద్దని కాదు. కానీ ఈ రోగాలు ఊళ్లూ దేశాలూ దాటిన తీరు చూస్తే, ఎక్కువసార్లు వచ్చింది ఈ రెండో రకం తలుపుల్లోంచే.

పీతలు మహాసముద్రాలు దాటవు కదా. వైట్ స్పాట్ 1992లో తైవాన్, చైనా తీరాల్లో బయటపడింది. 1993లో జపాన్‌లో తేలింది, చైనా నుంచి తెచ్చుకున్న కురుమా రొయ్య పిల్లలతో పాటు. 1994కల్లా థాయిలాండ్, ఇండియా. 1995లో అమెరికాలోని టెక్సాస్. 1999లో ఈక్వడార్. ఇంతకంటే విడ్డూరం కండరాలు తెల్లబడి చచ్చిపోయే ఐఎంఎన్ రోగానిది. అది 2002లో బ్రెజిల్‌లో మొదలైంది, 2006లో ఇండోనేషియాలో కనిపించింది, మధ్యలో ఉన్న దేశాలేవీ తాకకుండా. రెండు చోట్లా వైరస్ జన్యువు దాదాపు అచ్చు ఒకటే. భూగోళానికి ఆ వైపు నుంచి ఈ వైపుకి ఒకే గెంతులో రావాలంటే బతికున్న రొయ్యల్ని ఎవరో ఆక్సిజన్ సంచుల్లో పెట్టి మోసుకొచ్చారనుకోవడం కంటే తేలికైన వివరణ దొరకదు. 1981లో హవాయిలో నీలి రొయ్యల్ని ఊడ్చేసిన ఐహెచ్‌హెచ్‌ఎన్ వైరస్ కూడా ఇలాంటి బాపతే. టైగర్ రొయ్యలో అది పెద్దగా బయటపడకుండా కాపురం చేస్తుంది, వన్నామీలో కొమ్ము వంకరపోయి, ఒకే వయసు రొయ్యలు చిన్నా పెద్దా అయిపోతాయి, నీలి రొయ్యని మాత్రం చంపేస్తుంది. ఒక జాతిలో బద్ధకంగా పడి ఉండే వైరస్ ఇంకో జాతిలో పడితే ఏం చేస్తుందో ముందే ఎవరూ చెప్పలేరు, అందుకే కొత్త జాతిని దిగుమతి చేసుకునేటప్పుడు క్వారంటైన్ అంటారు, అందుకే దొంగ దారిన తెచ్చే బ్రూడర్ (తల్లి రొయ్య) అంత ప్రమాదం.

ఈ అనుభవాల తర్వాత పుట్టిందే ఎస్పీఎఫ్ (స్పెసిఫిక్ పాథోజెన్ ఫ్రీ) పద్ధతి. హవాయిలో 1990 ప్రాంతంలో వన్నామీతో మొదలుపెట్టి, ఫలానా ఫలానా రోగకారకాలు లేవని తరాల తరబడి పరీక్ష చేసి తేల్చిన తల్లి రొయ్యల వంశాలు తయారుచేశారు. ఆసియాలో చాలా చోట్ల 2000 తర్వాత టైగర్‌ని వదిలి వన్నామీకి మారిపోవడానికి ఇదొక పెద్ద కారణం. అయితే ఈ మూడక్షరాల్ని అర్థం చేసుకున్నవాళ్ల కంటే అమ్ముకున్నవాళ్లే ఎక్కువ. ఎస్పీఎఫ్ అంటే రోగం రాని రొయ్య కాదు. జాబితాలో రాసిన రోగకారకాలు ఆ రొయ్యలో ఇప్పుడు లేవు, అంతే. జాబితాలో లేనివాటి గురించి అది ఏమీ చెప్పదు, రేపు వైరస్ తగిలితే తట్టుకుంటుందనీ చెప్పదు, అసలు అన్ని రోగాలకీ దూరంగా పెరిగిన రొయ్య రోగం తగిలితే మామూలు రొయ్య కంటే తొందరగా పడిపోయినా ఆశ్చర్యం లేదు. ఇంకోటి, ఆ హోదా రొయ్యది కాదు, అది పెరిగిన గదిది. కాపలా ఉన్న ఆ చోటు దాటి పిల్లల్ని పుట్టించే మామూలు హేచరీ ట్యాంకులో పడ్డాక దాన్ని ఎస్పీఎఫ్ అనకూడదు. అయినా చెరువు దగ్గర సీడ్ సంచి విప్పుతూ 'ఎస్పీఎఫ్ సీడ్ అండీ' అనేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు.

మరి సీడ్‌కి పీసీఆర్ (వైరస్ జన్యువుని వెతికే పరీక్ష) చేయించాం, నెగటివ్ వచ్చింది, ఇంకేం కావాలి అంటారు. ఇక్కడ కాస్త లెక్క చేయాలి. ఒక ట్యాంకులో నూటికి 2 పిల్లలకి వైరస్ ఉందనుకుందాం. అందులోంచి 150 పిల్లల్ని తీసి పరీక్షకి పంపితే, కనీసం ఒక్కటైనా వైరస్ ఉన్న పిల్ల ఆ గుప్పెట్లో పడే అవకాశం 95 శాతం. బాగానే ఉంది. 30 పిల్లల్నే పంపితే? నూటికి దాదాపు 55 సార్లు రోగం ఉన్న పిల్ల ఒక్కటీ గుప్పెట్లోకి రాదు, రిపోర్టు నెగటివ్ అని వస్తుంది, అది అబద్ధం కూడా కాదు. ఇక రోగం నూటికి 1 మాత్రమే ఉంటే 150 పంపినా 22 సార్లు తప్పించుకుంటుంది. 5 లక్షల సీడ్‌లో నూటికి ఒకటంటే 5 వేల పిల్లలు. అవి చెరువుకి చేరాయంటే రోగం పడటానికి సరిపోతాయి. ఇదంతా పరీక్ష ఒక్క తప్పూ చేయదనీ, పిల్లల్ని ట్యాంకు నలుమూలల నుంచీ తీశారనీ అనుకుని వేసిన లెక్క. పై అంచున చురుగ్గా ఈదేవాటినే గ్లాసుతో ముంచి పంపితే లెక్క ఇంకా దిగజారుతుంది. నీరసపడ్డవాటిని, అడుగున పడి ఉన్నవాటిని ఏరి పంపితే పట్టుబడే అవకాశం పెరుగుతుంది, కానీ సీడ్ అమ్మేవాడికి ఆ పని మీద ఎందుకు ఆసక్తి ఉంటుంది? శాంపిల్ ఎవరు తీశారన్నది రిపోర్టు కాగితం కంటే ముఖ్యమైన ప్రశ్న.

ఆ ముందు మెట్టులో తల్లి రొయ్య ఉంది. వైట్ స్పాట్ వైరస్ తక్కువ మోతాదులో ఉన్న తల్లి రొయ్య పరీక్షలో దొరక్కపోవచ్చు, గుడ్లు పెట్టే శ్రమలో పడగానే అదే వైరస్ ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే గుడ్లు పెట్టకముందు చేసిన పరీక్ష కంటే పెట్టాక చేసిన పరీక్ష నమ్మదగ్గది. గుడ్లని వేరుగా ఉంచి, శుభ్రమైన నీళ్లతో కడిగి, ఒక్కో తల్లి పిల్లల్ని విడిగా పెట్టుకుని, రిపోర్టు వచ్చాకే కలపడం అనేది చాలా పాత సలహా. పాటించాలంటే ట్యాంకులు ఎక్కువ కావాలి, ఓపిక ఇంకా ఎక్కువ కావాలి.

ఇక తల్లి రొయ్యల మేత. గుడ్లు బాగా రావాలని వాటికి పాలీకీట్ అనే బురద పురుగులు, స్క్విడ్ లాంటివి పచ్చిగా పెడతారు. లక్షలు పోసి పరీక్షలన్నీ చేయించిన బ్రూడర్‌ని విమానంలో తెప్పించి, దాని నోట్లో ఏదో బురద నేలలోంచి తవ్వి తెచ్చిన పచ్చి పురుగుని పెట్టడం ఎంత చోద్యమో ఆలోచించండి. ఆ పురుగు పక్కన చెరువుల కాలువ పారుతూ ఉంటే అందులో వైట్ స్పాట్ ఉండొచ్చు, ఈహెచ్‌పీ ఉండొచ్చు. ఈహెచ్‌పీ వైరస్ కాదు, మైక్రోస్పోరిడియన్ అనే సూక్ష్మ పరాన్నజీవి, చంపదు, పెరగనివ్వదు, కానీ లోపలికి వచ్చే దారి మాత్రం ఇదే. శుభ్రంగా పెంచిన పురుగులు వాడటమో, గడ్డకట్టించి ఆపైన పాశ్చరైజ్ చేసి వాడటమో చేయాలి. గడ్డకట్టించడం ఒక్కటే చాలదు, ఎందుకంటే వైట్ స్పాట్ వైరస్‌ని చలి చంపదు, దాచిపెడుతుంది. వేడి చంపుతుంది, 60 డిగ్రీల దగ్గర ఒక్క నిమిషం చాలు.

చలి చంపదనే ఈ ముక్కకి పెద్ద కథే ఉంది. ఆస్ట్రేలియా చాలా ఏళ్లు వైట్ స్పాట్ లేని దేశంగా గడిపింది, చుట్టూ సముద్రం, గట్టి దిగుమతి నియమాలు. 2016 చివర్లో క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నది ఒడ్డున ఒక ఫారంలో రోగం బయటపడింది, కొద్ది నెలల్లో ఆ నది మీదున్న ఫారాలన్నీ ఖాళీ చేయాల్సి వచ్చింది. 2017 జనవరిలో పచ్చి రొయ్యల దిగుమతిని ప్రభుత్వం కొన్ని నెలలు ఆపేసింది. దారి ఏదన్నది తిరుగులేకుండా తేలలేదు గానీ, వంటకని దిగుమతి చేసుకున్న గడ్డకట్టిన పచ్చి రొయ్యల్ని గాలానికి ఎరగా గుచ్చి నదిలో వేయడం మీద అనుమానం బలంగా పడింది. రొయ్య చచ్చి నెలలు అయి ఉండొచ్చు. దానిలో వైరస్‌కి ఆ సంగతి పట్టదు.

నీళ్ల సంగతికి వస్తే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే. తూముకి సన్న జాలీ సంచి కడతారు, మంచిదే, కానీ అది ఆపేది దేన్నో తెలిసుండాలి. వైట్ స్పాట్ వైరస్ పొడవు మిల్లీమీటరులో దాదాపు మూడు నాలుగు వేల వంతుల్లో ఒక వంతు. 250 మైక్రాన్ల (మిల్లీమీటరులో పావు వంతు) జాలీ రంధ్రం దానికి దాదాపు వెయ్యి రెట్లు పెద్దది. జాలీ వైరస్‌ని ఆపడానికి కాదు, వైరస్‌ని మోసుకొచ్చే పీత పిల్లల్ని, అడవి రొయ్యల్ని, చేప గుడ్లని ఆపడానికి. నీళ్లలో ఊరికే తేలే వైరస్‌కి ఆయుష్షు తక్కువ, చెరువు నీళ్లలో 3, 4 రోజులు ఉంటుందని ప్రయోగాల్లో చూశారు, ల్యాబులో శుభ్రమైన సముద్రపు నీళ్లలో అయితే 30 డిగ్రీల దగ్గర నెల రోజులు కూడా బతికింది. మోసే జీవి దొరికితే ఇక రోజుల లెక్కే ఉండదు. పీత ఏళ్ల తరబడి కాకపోయినా చాలాకాలం చావకుండా మోస్తుంది. అందుకే పని రెండు భాగాలు: మోసే జీవుల్ని చంపడం, ఆ తర్వాత కొన్ని రోజులు నీళ్లని ఖాళీగా నిలబెట్టడం. రిజర్వాయర్ చెరువు లేని ఫారంలో ఈ రెండో భాగం జరగదు, నీళ్లు తోడిన రోజే చెరువులోకి వెళ్తాయి. ఒక చెరువు పంటకి వదిలేసుకుని నీళ్ల నిల్వకి పెట్టాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు, లెక్క చూస్తే అదే చవక.

చంపడానికి బ్లీచింగ్. లీటరుకి 20 నుంచి 30 మిల్లీగ్రాముల అసలు క్లోరిన్ అందాలి, సంచి బరువు కాదు. ఎండలో తేమలో పడున్న సంచిలో పైన రాసిన క్లోరిన్ శాతం ఉండదు, బురద, నాచు ఎక్కువున్న నీళ్లలో క్లోరిన్ వాటితోనే ఖర్చైపోతుంది. అన్నిటికంటే పెద్ద పొరపాటు వరస తప్పడం. సున్నం ముందు వేసి, తర్వాత బ్లీచింగ్ కొట్టేవాళ్లు చాలామంది. క్లోరిన్ నీళ్లలో కలిసినప్పుడు చంపే పని చేసేది హైపోక్లోరస్ ఆమ్లం. పీహెచ్ 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం ఆ రూపంలో ఉంటుంది, 8.5 దగ్గరికి వచ్చేసరికి పదో వంతే మిగులుతుంది. సున్నం పీహెచ్‌ని పైకి లాగుతుంది. అంటే ముందు సున్నం వేసి చేసిన బ్లీచింగ్‌లో చాలా భాగం డబ్బులు నీళ్లలో కలపడమే, అక్షరాలా. బ్లీచింగ్ పొద్దు వాలాక కొట్టి, కొన్ని రోజులు వదిలి, క్లోరిన్ పోయిందని పరీక్ష చేసుకుని, ఆ తర్వాత సున్నం సంగతి చూసుకోవాలి. చెరువు అడుగుని నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టడం కూడా ఇందులో భాగమే. తడి ఆరని మట్టిలో వైరస్ ఎండిన మట్టిలో కంటే చాలా ఎక్కువ రోజులు ఉంటుంది, తూము దగ్గర ఎప్పుడూ ఆరని గుంట ఒకటుంటుంది చూడండి, పీతలు దాక్కునేది అక్కడే.

ఇంత చేశాక కూడా చెరువులోకి ఒక్క రొయ్యతో వైరస్ వచ్చిందనుకుందాం. అక్కడి నుంచి పాకడం నీళ్ల ద్వారా కంటే నోటి ద్వారా ఎక్కువ. రొయ్యలు చచ్చిన తోటి రొయ్యని తినేస్తాయి, దాని ఒళ్లంతా వైరస్సే. చచ్చినదాన్ని తిన్నవి కొద్ది రోజుల్లో చస్తాయి, వాటిని తిన్నవి మళ్లీ. అందుకే చచ్చినవాటిని వెంటనే ఏరేయడం, అడుగు మధ్యలో చేరే మడ్డిని రోజూ తోడేయడం చిన్న పనుల్లా కనిపించినా చిన్నవి కావు. పక్షులు చేసే హాని కూడా ఎక్కువగా ఈ కోవదే, రోగం ఉన్న చెరువులో నీరసపడ్డ రొయ్యని ముక్కున పట్టుకుని ఎగిరి, పక్క చెరువులో జారవిడుస్తాయి. వలలు ఈ పని దగ్గర నిజంగా అక్కరకొస్తాయి, చుట్టుపక్కల రోగం ఉన్నప్పుడు మరీను.

'వాన పడింది, వైట్ స్పాట్ వచ్చింది' అనే మాట ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. వానలో వైరస్ ఉండదు. ఒక్కసారిగా నీళ్లు చల్లబడటం, ఉప్పదనం పడిపోవడం, ఆ దెబ్బకి చాలా రొయ్యలు ఒకేసారి గుల్ల విడవడం, వీటితో అప్పటికే లోపల తక్కువ మోతాదులో ఉన్న వైరస్ పైకి లేస్తుంది. నిప్పు ముందే ఉంది, గాలి ఇప్పుడు వీచింది. ఉష్ణోగ్రత పాత్ర కూడా ఇలాంటిదే. నీళ్లు 32 డిగ్రీలు దాటితే వైట్ స్పాట్ చాలావరకు అణగుతుంది, 18 నుంచి 30 మధ్యలో చెలరేగుతుంది. చలి రోజుల్లో పిల్లల్ని కప్పు కింద వెచ్చటి నర్సరీలో కొన్నాళ్లు పెంచి తర్వాత చెరువులో వదలడం ఈ లెక్క మీదే నడుస్తుంది. అయితే వేడి వైరస్‌ని తీసేయదు, నీళ్లు చల్లబడితే మళ్లీ మొదటికి రావొచ్చు.

కారణం తప్పు పట్టుకుంటే ఎంత ఖరీదవుతుందో చెప్పడానికి తౌరా సంగతి చాలు. 1992లో ఈక్వడార్‌లో తౌరా నది పక్క చెరువుల్లో రొయ్యలు చావడం మొదలైంది. దగ్గర్లో అరటి తోటలు, వాటి ఆకు తెగులుకి చల్లే శిలీంద్ర మందులు, చావులకి అవే కారణమని అప్పట్లో చాలామంది నమ్మారు. చూడటానికి తర్కం బాగానే ఉంది. అసలు కారణం వైరస్ అని 1995కి గానీ గట్టిగా తేలలేదు. ఈలోపు మందు మీద అనుమానంతో ఉన్నవాళ్లు సీడ్, బ్రూడర్ల రవాణా ఎందుకు ఆపుతారు? ఆ మూడేళ్లలోనే రోగం అమెరికా ఖండాల్లో చాలా చోట్లకి చేరిపోయింది, 1990ల చివరికి వన్నామీతో పాటు తైవాన్ కూడా చేరింది. దీనికి ఉల్టాగా జరిగింది ఈఎంఎస్ అనే రోగం విషయంలో. 2009 నుంచి ఆసియాలో చిన్న రొయ్యలు నెల తిరక్కుండానే చచ్చిపోతుంటే వైరస్సేమోనని వెతికారు, 2013లో తేలింది అది విబ్రియో అనే బ్యాక్టీరియా పని అని, ఒక విషాన్ని తయారుచేసే జన్యువుల్ని అది సంపాదించుకుందన్నది ఆ తర్వాత బయటపడింది. లక్షణం చూసి పేరు పెట్టేసి, పేరు చూసి మందు కొనేసే అలవాటు ఉన్నచోట ఇవి రెండూ గుర్తుంచుకోవాల్సిన సంగతులు.

చేపల్లో వైరస్‌ల కథ కొంచెం వేరు, టీకాకి అవకాశం ఉండటం ఒక్కటే కాదు తేడా. బంగారు తీగనీ, అలంకార చేప కోయినీ పట్టే కోయి హెర్పిస్ 1998లో బయటపడింది. దాని మొండితనం ఏమిటంటే, బతికి బట్టకట్టిన చేప జీవితాంతం దాన్ని లోపల దాచుకుంటుంది. నీళ్లు 30 డిగ్రీలు దాటితే చావులు ఆగిపోతాయి, చేప చక్కగా తిరుగుతుంది, అమ్ముడుపోతుంది, ఇంకో తొట్టెలో చేరి నీళ్లు చల్లబడిన రోజున చుట్టూ ఉన్నవాటికి అంటిస్తుంది. ఆరోగ్యంగా కనిపించే చేప కంటే మంచి వాహనం వైరస్‌కి ఉండదు. తిలాపియాకి రోగాలు రావని ఒకప్పుడు ధీమాగా చెప్పేవారు, 2014లో ఇజ్రాయెల్‌లో తిలాపియా లేక్ వైరస్‌ని గుర్తించాక ఆ ధీమా పోయింది, ఆ తర్వాత వరసగా చాలా దేశాల్లో దొరికింది. పండుగప్ప, గ్రూపర్ పిల్లల్ని హేచరీలోనే గింగిరాలు తిప్పి చంపే నోడా వైరస్ మెదడునీ కళ్లనీ తింటుంది, గుడ్ల మీదుగా తల్లి నుంచి వస్తుంది. నీలకంఠ రొయ్య పిల్లల తోక తెల్లబడే రోగం కూడా నోడా వైరస్‌దే, అది వేరే రకం. సాల్మన్ గుడ్లని అయోడిన్ మందులో పది నిమిషాలు ముంచి తీయడం ఆ రంగంలో పళ్లు తోముకున్నంత మామూలు పని, కానీ సాల్మన్ పిల్లల్ని చంపే ఐపీఎన్ లాంటి వైరస్ కొన్నిసార్లు దాన్ని కూడా తప్పించుకుంటుంది.

పెద్ద పాఠం మాత్రం చిలీ సాల్మన్‌ది. 2007లో అక్కడ సాల్మన్‌కి రక్తహీనత తెచ్చే ఐఎస్ఏ వైరస్ నిర్ధారణ అయింది. ఏటా 4 లక్షల టన్నుల దగ్గర ఉన్న అట్లాంటిక్ సాల్మన్ ఉత్పత్తి 2010కి మూడో వంతుకి పడిపోయింది. ఒక్కో కంపెనీ సముద్రంలో చేపలు పెంచే తన పంజరాల దగ్గర నియమాలు రాసుకుంది, క్రిమిసంహారకాలు వాడింది, ఎవరికి వారు జాగ్రత్తగానే ఉన్నామనుకున్నారు. కానీ పంజరాలు ఒకదానికొకటి మరీ దగ్గర, వయసు తేడా ఉన్న చేపలు ఒకే నీళ్లలో, అందరికీ అవే పడవలు. ఆ తర్వాత తీరాన్ని వాడలుగా విడదీశారు, ఒక వాడలో ఉన్నవాళ్లంతా ఒకేసారి పిల్లల్ని వేయాలి, ఒకేసారి పట్టాలి, తర్వాత 3 నెలలు ఆ నీళ్లని అందరూ ఖాళీగా వదలాలి. అంతకుముందే ఇదే వైరస్‌తో దాదాపు మూతపడే స్థితికి వెళ్లిన ఫారో దీవులు కూడా ఇలాగే, ఒక ప్రాంతంలో ఒకే వయసు చేపలు, మధ్యలో విరామం, దాంతోపాటు టీకా అని కట్టుబడి లేచాయి. ఒక ఫారం గేటు దగ్గర ఎంత కట్టుదిట్టం చేసినా నీళ్లకి గేటు లేదు, అందరూ కలిసి చేసిన విరామమే పనిచేసింది.

దీనికి పూర్తిగా ఎదురు దారి ఒకటుంది, అదీ చెప్పుకోవాలి. 1999లో వైట్ స్పాట్ వచ్చినప్పుడు ఈక్వడార్ ఎగుమతులు రెండేళ్లలో మూడో వంతుకి పడ్డాయి. అక్కడి చెరువులు పెద్దవి, మట్టివి, నీళ్లు నదీముఖాల నుంచి వచ్చేవి, వైరస్‌ని బయట ఆపడం ఎలాగూ అయ్యేపని కాదు. అందుకని పలచగా వేసి, చావగా మిగిలిన రొయ్యల్నే తల్లులుగా ఏరుకుంటూ తరం తర్వాత తరం పోయారు. నిలదొక్కుకోవడానికి పదేళ్ల పైనే పట్టింది, 2022కల్లా ఏటా 10 లక్షల టన్నులు దాటించి ఎగుమతి చేసే దేశమైంది. దీన్ని చూసి 'మనమూ వైరస్‌తోనే బతుకుదాం' అనేవాళ్లున్నారు. చదరపు మీటరుకి వంద పిల్లలు వేసి ఈ మాట అనడం కుదరదు, ఆ పద్ధతి పలచటి చెరువు మీదా, సొంత బ్రూడర్ ఎంపిక మీదా ఆధారపడింది. రెండు పద్ధతుల్నీ సగం సగం కలపడమంటే, అంటే అన్నిటికీ దూరంగా పెరిగిన సుకుమారమైన సీడ్ తెచ్చి, కాలువ నీళ్లు నేరుగా తోడి, కిక్కిరిసేలా వేయడం, ఇది రెండు దారుల్లోనూ లేని మూడో దారి. ఎక్కువమంది నడుస్తున్నది దాని మీదే. ఎంపికతో వచ్చే లాభం ఎంత ఉండొచ్చో సాల్మన్‌లో ఐపీఎన్ చూపించింది, తట్టుకునే గుణంలో చాలా భాగం ఒకే చోటి జన్యువుతో ముడిపడి ఉందని తేలాక, 2009 ప్రాంతం నుంచి ఆ గుణమున్న గుడ్లు మార్కెట్లోకి వచ్చాయి, నార్వేలో ఆ రోగం బాగా తగ్గింది. వైట్ స్పాట్‌కి అంత తేలికైన జన్యువు దొరకలేదు.

ఇక మిగిలింది ఎవరూ మాట్లాడటానికి ఇష్టపడని తలుపు. రోగం పడ్డ చెరువు రైతు ఆ రాత్రి ఏం చేస్తాడు? దొరికిన కాడికి పట్టేసి, నీళ్లు కాలువలోకి వదిలేస్తాడు. అతన్ని దుర్మార్గుడనడం తేలిక. కానీ రోగం పడిందని చెబితే అతనికి వచ్చేదేమిటి? కొనేవాడు ధర కోస్తాడు, అప్పు ఇచ్చినవాడు ఫోన్ చేస్తాడు, చుట్టుపక్కలవాళ్లు వేలు చూపిస్తారు. నీళ్లు నిలబెట్టి క్లోరిన్ కొట్టాలంటే అప్పటికే మునిగినవాడు ఇంకో ఖర్చు పెట్టాలి, దాని లాభం అంతా పక్కవాళ్లకి. చెప్పినవాడికి శిక్ష, దాచినవాడికి మిగులు, ఇలా ఉన్నంతకాలం ఎంత పెద్ద వల కట్టినా కాలువలో వైరస్ పారుతూనే ఉంటుంది. కాలువ మీద ఉన్నవాళ్లంతా సీజన్ మొదట్లోనే తలా కొంత వేసి ఒక నిధి పెట్టుకుని, రోగం పడ్డ చెరువుకి క్లోరిన్ ఖర్చు అందులోంచి ఇస్తే, ఆ మొత్తం ఒక్క చెరువు సీడ్ ఖర్చులో కూడా చాలా చిన్న ముక్కే అవుతుంది.

అలాంటి రోజున చేయాల్సిన పని వరస కష్టమైనదేమీ కాదు. ముందు తూము మూయాలి, లోపలికీ బయటికీ. రొయ్యలు అమ్ముడయ్యే సైజులో ఉంటే నీళ్లు వదలకుండా వలతోనే పట్టాలి, ఆ వల ఇంకో చెరువులో దిగకూడదు. మిగిలినవాటితో సహా నీళ్లకి క్లోరిన్ కొట్టి, చచ్చినవాటిని ఏరి, సున్నం చల్లి దూరంగా పాతిపెట్టాలి. ఆ నీళ్లు కనీసం వారం దాకా కదలకూడదు. ఈలోపు ఆ కాలువలోంచి నీళ్లు తోడేవాళ్లు మోటార్లు ఆపుకోవాలి, ఆపుకోవాలంటే ఆ సంగతి వాళ్లకి మర్నాడు కాదు, ఆ పూటే తెలియాలి.